రెండో ఆపరేషన్ ఒప్పుదల కాగితం గురించి

మంచిర్యాల,
11-7-1989

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా భర్త రామేశ్వర్‌రావు గారి 1985 నాటి పిట్యూటరీ (మెదడు కింది గ్రంథి) ఆపరేషన్ కేసు షీటు నకలు ఇప్పించుట గురించి.

ఆ ఆపరేషనైన మూడో నెలలో ఆయన తెలివి తప్పి పడిపోవుటకు కారణం తలలోని గడ్డయా, తమ కత్తియా, నా చేతి పథ్యమా? నాలుగేళ్ళుగా ఇదే ప్రశ్న.

1. తమ ఆసుపత్రిలో ముక్కులోంచి గడ్డ తీసినారు. మొదటి వారం బిందెడు నీళ్ళు తాగినా దాహం తీరలేదు, మూత్రం ఆగలేదు. కొందరికి అట్లా వచ్చి పోవునన్నారు, పోయినది. గ్రంథి చేయవలసిన పనికి బదులుగా రోజూ వేసుకొమ్మని స్టెరాయిడ్ గోలీలిచ్చి పంపినారు. అవి మానితే ప్రాణం మీదికి వచ్చునని చీటీలో లేదు. నోటితో చెప్పినారేమో, నాకు జ్ఞాపకం లేదు.

2. మూడో నెల ఆయన ముఖం పాలిపోయి పచ్చబడినది, అన్నం సయించలేదు. మా అత్తమ్మ జానకీబాయి, "కామెర్లే సరళా, కండ్లు కనబడ్తలేవా నీకు? చెన్నూర్ల పసరు పోస్తరు" అన్నది. పసరు పోసిన సాంబయ్య, "ఇంగ్లీషు గోలీలు బంద్. తొమ్మిది దినాలు సప్పిడి పథ్యం, ఉప్పు ముట్టొద్దు" అన్నాడు. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. ఉప్పు లేని అన్నం కలిపి పెట్టినదానను నేనే. అయిదో నాడు ఆయనకు తెలివి తప్పినది. ఇక్కడి డాక్టరు సెలైనూ, స్టెరాయిడ్ సూదీ ఇచ్చి బతికించి, "గోలీ బంద్, ఉప్పు బంద్. ఊపిరొక్కటే మరిచిపోయినట్లున్నరు మేడం" అన్నాడు.

3. గడ్డ మళ్ళీ పెరిగినది. చూపు తగ్గుచున్నది. తమ డాక్టర్లు రెండో ఆపరేషన్ అన్నారు. గడ్డ పెద్దదైనా, కత్తి రెండోసారి పడినా, మిగిలిన గ్రంథి దెబ్బతినే ప్రమాదం ఎక్కువ అనియు అన్నారు. కావున మొదటి గడ్డ కొలత, ఆపరేషనుకు ముందటి రక్తపరీక్షలు, గ్రంథి ఎంత మిగిలినదీ తెలియవలెను. రికార్డు సెక్షనుకు మూడుసార్లు వచ్చితిని. "పాత షీట్లు దొరకయమ్మా, అర్జీ పెట్టుకోండ్రి" అన్నారు. పెట్టుకొనుచున్నాను.

4. ఒప్పుదల కాగితం మీద అక్షరాలు కనబడక ఆయన దానిని నాకే ఇచ్చి, "నువ్వే చదువు, నువ్వే పెట్టు సంతకం. పసరు తాగిపిచ్చిననాడు నన్ను అడిగినవా ఏంది?" అని నవ్వినారు. నాకు నవ్వు రాలేదు.

ఈ సంగతులు చిత్తగించి, ఇరవయ్యో తేదీలోగా నకలు దయచేయించ ప్రార్థన.

తమ విధేయురాలు,
సరళాదేవి,
జూనియర్ కాలేజి లెక్చరర్

తా.క. అయ్యా, తప్పు గడ్డదో కత్తిదో అని తేలితే నాకు నిద్ర పడుతుంది, కాని రెండో కత్తికి భయపడాలె. తప్పు నాదే అని తేలితే గ్రంథి బాగనే మిగిలినట్టు, ఆయనకు అంత భయం లేదు. ఆయన మేలు కోరేదాన్నయితే నా తప్పే కావాలని మొక్కాలె. మొక్కుదామని కూర్చుంటే నోరు రాలేదు. షీటు దొరకాలని ఉన్నదో, దొరకొద్దని ఉన్నదో నాకే తెలుస్తలేదు. సంతకం పెట్టాలో వద్దో కూడ ఇంకా తేల్చుకోలేదు.