సోని చెప్పింది నాకు అర్థం కాలేదు

మండల విద్యాధికారి గారికి నమస్కారాలు.

ఈ ఏడాది మా తండా బడికి కూడా పట్టణపు బళ్లతో సమానంగా నిధులు వచ్చాయి. బల్లలు, టీవీ కొన్నాను.

మొన్న ఒకటో తరగతి సోని ఏడుస్తూ లంబాడీలో ఏదో చెప్పింది. నాకు ఆ భాష రాదు. ఇంటికి పోతానంటోందనుకుని కూర్చోమన్నాను. కాసేపటికి ఐదో తరగతి చదివే వాళ్లక్క కవిత వచ్చింది.

“సారూ, పాము కరిచిందని చెప్తుంది గదా,” అంది.

సత్తుపల్లి ఆసుపత్రిలో సోని బతికింది. నా భయమే పోలేదు. ఈ పొద్దున ఇంకో పిల్ల ఏదో చెబితే అర్థంకాక, మళ్లీ పామేమోనని గదంతా ఖాళీ చేయించాను. కవితను అడిగితే, పెన్సిల్ పోయిందట.

జూన్‌లో ఆ కవిత హాస్టల్‌కు వెళ్లిపోతుంది. ఆలోపు లంబాడీ వచ్చిన టీచర్ని ఒక్కరిని ఇప్పించండి. పిల్లలు నోరు తెరిస్తే నాకు వణుకొస్తోంది.

ఇట్లు,
తండా బడి ఏకైక ఉపాధ్యాయుడు