దేవే దిద్దిన పుస్తకం

జిల్లా గ్రంథాలయ అధికారి గారికి,

కోంటా గ్రంథాలయం నుంచి నమస్కారాలు. మా దగ్గరున్న అడవి దుంపల వంటల పుస్తకానికి రెండు ముద్రణలున్నాయనీ, కంప్యూటర్ జాబితాలో కొత్తది మాత్రమే ఉంచి పాత ప్రతిని తీసేయమనీ రాశారు. తీయలేకపోయాను, మన్నించండి.

పోయినేడాది సంతకొచ్చినవాళ్ళకు మొదటి ముద్రణను నేను చదివి వినిపిస్తుంటే, భేజ్జి ఊరి నుంచి వచ్చిన దేవే అనే అవ్వ మధ్యలోనే ఆపింది.

"ఏంది బిడ్డా, చేదు దుంపను ఒక్కసారి ఉడకబెట్టి తినమంటదా? మూడు దినాలు వాగునీళ్ళల్ల నానకుంటే మనిషి దక్కడు!"

ఆమె మాటను ప్రచురణకర్తకు రాసి పంపాను. వాళ్ళు రెండో ముద్రణలో తప్పు దిద్ది, ఆమె పేరు చెప్పి కృతజ్ఞతలు అచ్చువేశారు.

అందుకే రెండింటినీ జాబితాలో విడివిడిగా ఎక్కించి, పాతదానికి 'తప్పున్నది, ఇంటికి ఇవ్వరాదు' అని రాశాను. నిజానికి మొదట మీ ఆదేశం ప్రకారం దాన్ని తీసేద్దామనే అనుకున్నాను. కానీ నిన్న దేవే వచ్చి తన పేరున్న పేజీని వేలితో తడుముకుని మురిసిపోయింది. పాత ప్రతిని తీసేయమన్నారని చెప్పగానే, దాన్ని చంకలో పెట్టుకుంది.

"దీన్ని పారేస్తే, నేను దిద్దిన తప్పేందో రేపు ఎవలికి ఎర్కయితది?"

దీనికి జవాబు మీ దగ్గరుంటే సార్, వచ్చి ఆమెకే చెప్పండి. సంత రోజున ఇక్కడే ఉంటుంది.

విధేయురాలు,
గ్రంథపాలకురాలు