పిల్లులకి స్విచ్చి ఎందుకు వదినా

పొందూరు,
జూన్ 3

మరదలు కన్యాకుమారికి పొందూరు నుంచి వదిన బుల్లమ్మ దీవించి రాస్తన్నాది.

ఈ ఉత్తరం తెచ్చిన సూరయ్య సేతిలో ఒక పత్తి బుట్ట ఉంటాది. అందులో రెండు పిల్లి పిల్లలున్నాయి. నల్లది ఆడది, చారలది మగది. సూరయ్య రోజూ ప్యాసింజరుకి మీ గరివిడి ఫ్యాక్టరీ పనికి వస్తాడు గనక అతనికిచ్చాను. వాటి తల్లి మొన్న వీధిలో ట్రాక్టరు కింద పడిపోయింది. మా తమ్ముడు మురళి పోయి ఏడాదిన్నరయ్యింది. ఆ ఇంట్లో నీకు గోడలు తప్ప మాటాడ్డానికి ఎవులున్నారు? అందుకే పంపాను.

కొత్త ఇల్లు అలవాటు సెయ్యడానికి ఒక పద్ధతుంది. మొదట ఒక్క గదే సూపించు. ఇల్లంతా ఒకేసారి వదిలేవంటే ఎటు పోవాలో తెలీక బెదిరిపోతాయి. ఆ గదిలో తిని, పడుకోడం వచ్చేక రెండో గది తలుపు తియ్యి. నువ్వు ఎత్తుకోకు. అవే నీ దగ్గరికొస్తాయి. బుట్ట అడుగున పత్తి దువ్వే వాలుగ సేప దవడ పెట్టాను. నేను వడుకుతుంటే దాని పక్కనే పెరిగాయి. ఆ వాసనే వాటికి పుట్టిల్లు.

ఉంటాను మరి.
వదిన బుల్లమ్మ

తా.క.: ఫోన్ సెయ్యకు. తమ్ముడి కబురు ఫోన్లోనే వచ్చింది, అప్పట్నుంచి అది మోగితే ఎత్తను. ఉత్తరం రాయి. అక్షరాలు పెద్దవి రాయి.


గరివిడి,
జూన్ 7

పూజ్యులైన వదినకు కన్యాకుమారి నమస్కారాలు.

బుట్ట క్షేమంగా చేరింది. ముందుగా ఒక మాట అడగకుండా పంపారు, సరే. వంటింటి పక్క సామాన్ల గదిని మొదటి గదిగా పెట్టాను. మీ తమ్ముడి మందుల వేళలు రాసిన నోటుపుస్తకంలో సగం కాగితాలు మిగిలిపోయాయి. అందులోనే గీతలు గీసి, రెండింటికీ చెరో వరుస ఇచ్చి, తిన్నది, తాగింది, పడుకున్నది రాస్తున్నాను. మొదటి రోజు రెండూ బియ్యం డబ్బా వెనకే ఉన్నాయి. రెండో రోజు ఉదయం ఆరూ ఇరవైకి చారలది తోక కనిపించింది. మూడో రోజు పాలు తాగాయి, నేను గదిలో లేనప్పుడు.

ఒక పొరపాటు జరిగింది. బుట్ట అడుగున ఎండిన ఎముక చూసి చెత్త అనుకున్నాను. పారేయడానికి మనసొప్పక సబ్బుతో తోమి, వేడినీళ్ళలో ముంచి ఎండబెట్టాను. అది మీరు రాసిన దవడ అని ఉత్తరం రెండోసారి చదివినప్పుడు తెలిసింది. ఇప్పుడది చాలా శుభ్రంగా ఉంది. పిల్లలు రెండూ వాసన చూసి, తర్వాత నన్ను చూశాయి. ఆ చూపు గురించి ఎక్కువ రాయను.

అయినా దువ్వెన నాకు పంపేస్తే మీరు పత్తి దేనితో దువ్వుతున్నారు?

మీ
కన్యాకుమారి

తా.క.: నా రాత చిన్నదని ఇంతవరకూ ఎవరూ అనలేదు. హైస్కూల్లో దస్తూరీకి బహుమతి ఇచ్చారు. అయినా మీ కోసం పెద్దగా రాశాను.


పొందూరు,
జూన్ 12

మరదలు కన్యాకుమారికి వదిన బుల్లమ్మ దీవెనలు.

పుట్టింటి వాసన సబ్బెట్టి కడిగీసిన మనిషిని నిన్నే సూసాను. పోనీలే. నీ పాత చీర ముక్క బుట్టలో వెయ్యి, ఇక మీదట నీ వాసనే వాటికి దిక్కు. దువ్వెన సంగతి వదిలీ. నాకు వేరేది ఉన్నాది.

నాకు తెలియాల్సింది వేరే. హాలుకీ పడమటి గదికీ మధ్య గడప ఎంత ఎత్తు? మా నాన్న బతికున్నప్పుడు మోకాలి దాకా ఉండేది, తరవాత తమ్ముడు తీయించాడన్నారు. నల్లదానికి కాలు తట్టుకుంటాదేమోనని అడుగుతన్నాను. పెరట్లో నూతి గట్టు దగ్గర నాచు పడతన్నాదా? జారితే కష్టం.

దీవెనలతో,
బుల్లమ్మ

తా.క.: ఇంకా పెద్దగా రాయి. నీ అక్షరాలు సీమల బారులాగున్నాయి.


గరివిడి,
జూన్ 16

పూజ్యులైన వదినకు నమస్కారాలు.

గడప నాలుగు వేళ్ళ ఎత్తు. నల్లది నిన్న ఆ గడప మీద నిలబడి అక్కణ్ణుంచి ఫ్రిజ్ మీదికి దూకింది. కాలు తట్టుకుంటుందన్న దిగులు మీకు అక్కర్లేదు. నాచు నేను వారానికి రెండుసార్లు గీకుతాను. ఈ ఇంట్లో నాచు పట్టిందని ఎవరు చెప్పారు?

ఇక పిల్లల సంగతి. హాలు తలుపు తొమ్మిదో రోజు తీశాను. చారలది గోడ వారగా ఒక చుట్టు తిరిగి పరుగెత్తుకుని సామాన్ల గదికి వెళ్ళిపోయింది. నల్లది అలా కాదు. నేరుగా వెళ్ళి మీ తమ్ముడి పేము కుర్చీలో ఎక్కి కూర్చుంది. ఏడాదిన్నరగా అందులో ఎవరూ కూర్చోలేదు. దింపడానికి లేచాను. అది కళ్ళు మూసుకుంది. మళ్ళీ కూర్చున్నాను. పుస్తకంలో ఆ గంట దగ్గర ఏం రాయాలో తెలియక ఖాళీ వదిలేశాను.

మీ
కన్యాకుమారి

తా.క.: ఈ సైజులో రాస్తే ఉత్తరానికి ఐదు కాగితాలు పడుతున్నాయి. కవరు లావు చూసి పోస్టు నూకయ్య, ఇంట్లో శుభకార్యమా అని అడిగాడు.


పొందూరు,
జూన్ 21

మరదలు కన్యాకుమారికి బుల్లమ్మ దీవెనలు.

కుర్చీలోంచి దింపనందుకు నిన్ను మెచ్చుకుంటన్నాను. వాడికీ పిల్లులంటే ఇష్టం, నీకు భయపడి తేలేదు.

ఇప్పుడు పడమటి గది తియ్యి. తీసేముందు కొన్ని సూసి రాయి. ఆ గదిలో మంచం నుంచి స్నానాల గదికి ఎన్ని అడుగులు? దారి పొడుగునా సెయ్యి ఆనించుకోడానికి గోడ ఉన్నాదా, మధ్యలో ఖాళీ వస్తాదా? గది పొడవు, వెడల్పు కూడా కొలిచి రాయి. లైటు స్విచ్చి మంచం పక్కనే ఉన్నాదా, తలుపు దగ్గరా? ఇవన్నీ తెలుసుకోకుండా పిల్లుల్ని వదలకూడదు.

దీవెనలతో,
బుల్లమ్మ

తా.క.: ఆ గదిలో ఎవులైనా ఉంటన్నారా? అద్దెకి గానీ ఇచ్చావా? పిల్లుల కోసమే అడుగుతన్నాను.


గరివిడి,
జూన్ 24

శ్రీమతి బుల్లమ్మ గారికి,

మీ ఉత్తరం అందింది. మూడుసార్లు చదివాను. తర్వాత పక్కింటి ఉషకు చూపించాను. "గడపలు, గదులు, అద్దెలు అడుగుతున్నారంటే అమ్మా, ఇది వాటా వ్యవహారం. నీకు ఇంకా అర్థం కాలేదా?" అంది. నేను కాదన్నాను. కాని రాత్రంతా ఆలోచించినా వేరే కారణం దొరకలేదు.

ఈ ఇల్లు మామగారు కట్టినదే. మీకూ హక్కుందని నాకు తెలుసు. కావాలంటే నన్ను అడగండి. పిల్లుల చేత అడిగించకండి. ఇరవై ఆరేళ్ళు ఈ ఇంట్లో తుడిచి, కడిగి, మీ అమ్మగారికీ మీ తమ్ముడికీ చివరి మంచం దగ్గర కూర్చున్నదాన్ని. నా చేతే గదులు కొలిపించాలని మీకెలా అనిపించింది?

నన్ను మందలించినా, నమ్మకపోయినా సహించేదాన్ని. పిల్లులకి స్విచ్చి ఎందుకు వదినా? నేను అంత అమాయకురాలిలా కనిపిస్తున్నానా?

వచ్చే శనివారం సూరయ్య వస్తే పిల్లల్ని బుట్టలో పెట్టి పంపేస్తాను. సామాన్ల గది కడిగి తాళం వేసుకుంటాను.

ఇట్లు,
కన్యాకుమారి

తా.క.: పదకొండు అడుగులు. అడిగారు కాబట్టి రాశాను. గోడ మధ్యలో ఒకచోట, అలమారు దగ్గర, ఖాళీ వస్తుంది.


విజయనగరం,
జూలై 4

మరదలు కన్యాకుమారికి వదిన బుల్లమ్మ దీవించి సెప్పి రాయిస్తన్నాది. రాసే పిల్ల పేరు భరణి. ఇక్కడ ముసలోళ్ళ ఆశ్రమంలో పన్జేస్తాది. నా మాట నా మాటలాగే రాయమన్నాను.

పిల్లుల్ని తేవద్దని సూరయ్యకి సెప్పాను. పొందూరులో ఇప్పుడు వాటిని దించుకోడానికి ఎవులూ లేరు.

నాకు నీటికాసులంట. శ్రీకాకుళం డాక్టరు సెప్పాడు. పోయిన సూపు తిరిగి రాదంట, ఉన్నది ఎన్నాళ్ళో తెలీదంట. సలికాలం నుంచే నూలు తెగితే కొస కనపడ్డం లేదు. ముడులు సూసి ఖాదీ వాళ్ళు నా నూలు చిలపలు తిప్పి పంపీసారు. అందుకే దువ్వెన నీకు పంపాను. వేరేది ఉన్నాదని అబద్ధం రాసాను.

తమ్ముడుంటే "ఒరే, వస్తన్నాను" అని మూట పట్టుకుని వచ్చీదాన్ని. తమ్ముడు లేని ఇంటికొచ్చి "నన్ను పెట్టుకో" అని ఆడపడుచు ఏ నోటితో అడుగుతాది? పిల్లుల్ని ముందు పంపించి, వాటి పేరు పెట్టి నా సంగతి కనుక్కుందామనుకున్నాను. గడప నాకు. నాచూ నాకే. స్విచ్చి ఎందుకని అడిగావు. లైటు ఏస్తే ఎదురుగా మనిషున్నాదని తెలుస్తాది, ఎవులో తెలీకపోయినా.

నీ ఉత్తరం అందింది. అంత కోపంలో కూడా అక్షరాలు పెద్దవే రాసావు. ఎవులి సేతా సదివించుకోకుండా నేనే సదువుకున్నాను. అదే నేను సొంతంగా సదివిన ఆఖరి ఉత్తరం.

దానికి ముందే మా మరిది కొడుకు రమేష్‌బాబు ఇక్కడ మంచం మాటాడీసాడు. నీ జవాబు సూసి నేనూ సరే అన్నాను. మంగళవారం ప్యాసింజరుకి వచ్చాం. గరివిడిలో రెండు నిమిషాలాగింది. మీ ఇంటి వైపు కిటికీ దగ్గర కూసున్నాను. రమేష్‌బాబు "ఏటి సూస్తన్నావు పెద్దమ్మా?" అన్నాడు. ఏటీ లేదన్నాను. అది నిజమే, అంతా పొగలాగుంది.

ఇక్కడోళ్ళు మంచోళ్ళే. మొదటి రోజే ఇల్లంతా తిప్పి సూపించీసారు. ఒక్క మూలా బుర్రకెక్కలేదు. తలుపనుకుని అలమారు తెరిసాను, రెండుసార్లు. పక్క మంచం ఆవిడ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, తరవాత నవ్వు రాలేదు.

వాటా నాకొద్దు. నువ్వు సచ్చీదాకా ఆ ఇల్లు నీది. రమేష్‌బాబు సేత రాయించి వేలిముద్రేసాను. పిల్లుల్ని మాత్రం పంపీకు.

దీవెనలతో,
వదిన బుల్లమ్మ

తా.క.: ఆదివారం పది నుంచి నాలుగు దాకా సూడ్డానికొచ్చినోళ్ళని లోపలికి వదుల్తారంట. నిన్ను రమ్మని కాదు. పిల్లుల్ని రానిస్తారా అని భరణిని అడిగాను. రానివ్వరంట. మనుషులైతే పరవాలేదంట.