తలకిందులైన ఆకు

పిట్స్‌బర్గ్, మార్చి 4, 1994

శ్రీమతి విల్మా హ్రుస్కా గారికి,

ముక్కూమొహం తెలియనివాడు రాస్తున్న ఉత్తరం, మన్నించండి. నేను పాత హోటల్ పింగాణీ సేకరిస్తాను. మీ ఊరి ఫ్యాక్టరీ కోసం 1955లో ఆర్విడ్ సండెల్ గారు గీసిన 'బూడిద ఆకు' ప్లేట్లు నా దగ్గర రెండువందల పదకొండు ఉన్నాయి. తొమ్మిదింటి మీద మాత్రం ఆకు తలకిందులుగా ఉంది. ఆ ఏడాదే ఆయన భార్య ఆయన్ని వదిలి వెళ్ళిపోయింది. ఆ ఆకు ఆయన దుఃఖమేనని మా పింగాణీ సేకర్తల సంఘం పత్రికలో రాస్తే చదివినవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నారు. మీరు అప్పట్లో అక్కడ పనిచేశారట. ఆయన ముఖంలో ఆ విషాదం చూశారా?

మీ విధేయుడు,
లైల్ పెటింగిల్

తా.క. ఎక్కడ తిన్నా ప్లేటు తిప్పి వెనకున్న ఫ్యాక్టరీ ముద్ర చూడటం నా అలవాటు. నిన్న గ్రేవీ ఉన్న సంగతి మరిచి తిప్పాను. అది పక్క టేబులావిడ ఒళ్ళో పడింది. ముద్ర మాత్రం అసలుదే.

మార్చి 11

బాబూ లైల్,

సండెల్ గారు మా ఊరికి రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ ఆయన ముఖంలో నాకు కనిపించింది ఆకలే. ఆ ఆకు అంటించింది నేను. బొమ్మ కాగితం తడిపి, ప్లేటు మీదకి జార్చి, రబ్బరుతో అదమాలి. కరెంటు ఖర్చు తగ్గించాలని ఫోర్‌మన్ ఆ వారం సగం బల్బులు తీసేశాడు. మసక వెలుతురులో డజను ప్లేట్లకు తలకిందులుగా అంటించాను. బట్టీలోంచి వచ్చాక చూసి నన్ను పనిలోంచి తీసేశాడు. పదమూడేళ్ళు చేశాను బాబూ. ప్రతి ప్లేటు వెనకా ఆయన పేరుంది, నా పేరు ఒక్కదాని మీదా లేదు. ఎక్కడైనా ఒక్కసారి నా పేరు అచ్చువేయించు. ఇంకేం అడగను.

విల్మా

తా.క. రెండోసారి ఆయన చెయ్యి పట్టుకుని వచ్చినావిడ ఎవరో మాకెవరూ చెప్పలేదు. ఇద్దరూ మహా హుషారుగా ఉన్నారు.

మార్చి 20

శ్రీమతి హ్రుస్కా గారికి,

మీ ఉత్తరం సంఘంలో చదివాను. సగంలోనే గొడవ మొదలైంది. వయసు మీద పడి మీకు మతి తప్పిందని కోశాధికారి అన్నాడు. మహానుభావుడి బొమ్మ మీద కూలిమనిషి హక్కేమిటని అధ్యక్షురాలు మండిపడింది. రుజువేదైనా ఉందా?

లైల్ పెటింగిల్

తా.క. నాకు మీ మీద అనుమానం లేదు. ఆకు మీదే కావచ్చు. దుఃఖం మాత్రం ఆయనదే అయ్యుండాలి, వ్యాసం అచ్చయిపోయింది.

మార్చి 26

బాబూ,

పనిలోంచి తీసేసినప్పుడు ఇచ్చిన చీటీ పంపుతున్నాను. 'పన్నెండు ప్లేట్లు, ఆకులు తలకిందులు, విల్మా హ్రుస్కా' అని ఉంది, చదివించు. ముప్పై తొమ్మిదేళ్ళు కోపంతోనే దాచాను. ఆ తర్వాత ఏ ఫ్యాక్టరీ నన్ను గడప తొక్కనివ్వలేదు. హోటల్లో అంట్లు తోమి బతికాను. తోమింది ఆ బూడిద ఆకు ప్లేట్లే.

విల్మా

తా.క. ఆ పన్నెండులో ఒకటి నా దగ్గరే ఉంది, మా పిల్లి అందులోనే తింటుంది. ఆకు ఎటున్నా దానికి పట్టింపు లేదు. మీ సంఘంలో చేర్చుకుంటారేమో అడుగు.

ఏప్రిల్ 15

శ్రీమతి హ్రుస్కా గారికి,

శుభవార్త. చీటీ అసలుదేనని అందరూ ఒప్పుకున్నారు. అది దుఃఖం కాదు, పనిలో పొరపాటు అని తేలిపోవడంతో ఆ తొమ్మిది ప్లేట్లనూ ప్రదర్శన నుంచి తీసేశాం. నా వ్యాసం వెనక్కి తీసుకున్నాను. మీరు కోరినట్టే మీ పేరు అచ్చువేయించాను. మా కొత్త పుస్తకంలో, కొనేవాళ్ళకు హెచ్చరికల పేజీలో, అన్నిటికన్నా పైన ఉంది: 'ఆకు తలకిందులుగా ఉన్న ప్లేటు కొనకండి. దీన్ని హ్రుస్కా లోపం అంటారు.'

మీ విధేయుడు,
లైల్ పెటింగిల్

తా.క. మీ పేరులో ఒక్క అక్షరం కూడా తప్పు పోకూడదని మూడుసార్లు సరిచూశాను.