నాలుగు వందల గ్రాములు

మే 28, ఉదయం

నా స్టీల్ గిటార్ ఆంప్ మూగబోతోంది. నేను తప్ప ఎవరూ ఒప్పుకోవడం లేదు.

పై తీగ మీద ఇనుప బార్ జరిపితే గంట మోగినట్టుండాలి. ఇప్పుడు ఎవరో దుప్పటి ముసుగులోంచి మాట్లాడుతున్నట్టుంది. సోల్డర్‌కి మూడుసార్లు చూపించాను. ముప్పై ఏళ్ళుగా నా ఆంప్‌లు బాగుచేసేది అతనే. నా పెళ్ళికి స్పీకర్లు పెట్టింది కూడా అతనే. వేళ్ళకి ఎప్పుడూ వైర్లు అతికే సోల్డర్ సీసం అంటుకుని ఉంటుంది కాబట్టి ఆ పేరు. మూడుసార్లూ విప్పాడు, చూశాడు, బిగించాడు. దీనికి ఏ రోగమూ లేదక్కా, నిక్షేపంలా ఉంది అన్నాడు.

రోగం లేకపోతే గొంతెందుకు పోయింది? ఇప్పుడు నాకు ఆంప్ కంటే అతని మీదే ఎక్కువ అనుమానంగా ఉంది.

మే 30

మేం వాయించే హోటల్లో నిన్న సాయంత్రం తమ్ముడు నా పక్కనుంచి రెండడుగులు దూరం జరిగి నిలబడ్డాడు. మా బ్యాండ్‌లో పాడేదీ వాడే, బేస్ వాయించేదీ వాడే. ఎందుకురా జరిగావు అంటే ఉక్కగా ఉంది అన్నాడు. ఏసీ హాల్లో ఉక్క!

తర్వాత నసుగుతూ, ట్రెబుల్ కాస్త తగ్గించవే, చెవుల్లో సూదులు గుచ్చినట్టుంది అన్నాడు. పై స్వరాలు పెంచే ఆ నాబ్ ఎనిమిది మీద ఉంది. ఇదివరకు ఐదు దాటేదాన్ని కాదు. ఎనిమిది పెట్టినా నాకు చాలడం లేదు, వీడికేమో సూదులట.

ముందు టేబుల్ దగ్గర ఒకతను కూర్చుని మమ్మల్నే చూస్తున్నాడు. కీబోర్డ్ వాయిస్తాడట. మేనేజరు వెళ్ళి అతని భుజం మీద చెయ్యి వేసి మాట్లాడాడు. నా కళ్ళతో చూశాను.

నా కుర్చీకి ఎసరు పెడుతున్నారు. వచ్చే నెలాఖరులోగా మంచి ఆంప్ దొరక్కపోతే నా సంగతి అంతే.

జూన్ 2

మొదటి ఆంప్, లాయరుగారింట్లో. పాతది, పాత రేడియోల్లోలా గాజు ట్యూబులది, ఇద్దరు మోయాల్సింది. చూడగానే ప్రాణం లేచి వచ్చింది. వాయిస్తే అదే దుప్పటి. స్పీకర్ మార్చేశారు కదండీ అన్నాను. లేదని ఒట్టు పెట్టాడు. లాయరు ఒట్టు!

మావారు దారి పొడుగునా ఒకటే పోరు. ఆరు కిలోల కొత్తవి వస్తున్నాయి కదా, చేత్తో పట్టుకుని నడిచి వెళ్ళొచ్చు కదా అని. ఈయనకి చెప్పి ప్రయోజనం లేదు. ఇనుప దిమ్మలాంటి ట్రాన్స్‌ఫార్మర్ లోపల ఉంటేనే స్టీల్ గిటార్ స్వరం సాగుతుంది, లేకపోతే సగంలో నీరుగారిపోతుంది.

జూన్ 5

రెండోది. మూతపడిన డాన్స్ స్కూల్లో. దుప్పటి. ట్యూబులు నకిలీవి అని మొహం మీదే చెప్పి వచ్చాను.

జూన్ 9, సాయంత్రం 6

దొరికింది.

కళ్ళజోళ్ళ షాపాయన దగ్గర. ఎవరో స్టీల్ వాయించే ముసలాయన ఊరు విడిచి వెళ్తూ ఇచ్చిపోయాడట. షాపు వెనక గదిలో, ఫ్రేముల బీరువాకీ గోడకీ మధ్య ఇరుక్కుని ఉంది. కదిపే చోటు లేక, నేనే కుర్చీ అటు తిప్పుకుని కూర్చున్నాను. బార్ పెట్టి పై తీగ మీటాను. గంట! ట్రెబుల్ నాలుగు మీదే ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బేరం చెడుతుందని తుడిచేసుకున్నాను.

నేను వాయిస్తున్నంతసేపూ ముందు గదిలో ఒక పెద్దమనిషి, కళ్ళ పరీక్ష బోర్డు మీద కింది వరస సరిగ్గా అచ్చుపడలేదని షాపాయనతో దెబ్బలాడుతున్నాడు. అతను వెళ్ళాక షాపాయన నవ్వాడు. అందరూ మొదట అచ్చునే తిడతారమ్మా అన్నాడు. ఈయన కూడా మాటకారే. జాగ్రత్తగా ఉండాలి.

జూన్ 11

ఒక్క చిక్కు. బార్ ముట్టుకుంటే సన్నగా షాక్ కొడుతోంది. వైరు పాతది, లోపల కెపాసిటర్లు పాతవి. అవి మార్చందే ఇంటికి తేకూడదు. మార్చాల్సింది సోల్డరే. ఈ ఊళ్ళో ఇంకెవరికీ ట్యూబులంటే తెలీదు.

అతని చేతిలో పెట్టాలంటే మనసు ఒప్పడం లేదు. ఇలాంటి ట్రాన్స్‌ఫార్మర్లు ఇప్పుడు ఎవరూ చెయ్యరు. తీసేసి మామూలుది పెడితే నాకెలా తెలుస్తుంది?

జూన్ 12

తెలిసే ఉపాయం చేశాను. ఒక్కో ట్యూబు మీదా గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టాను. తర్వాత తూకం. ఇంట్లో మావారు పొట్ట తగ్గిందా లేదా అని రోజూ ఎక్కే మెషిన్ ఉంది కదా, దాన్ని సంచిలో వేసుకుని కళ్ళజోళ్ళ షాపుకి పట్టుకెళ్ళాను. ఆంప్‌ని దాని మీద పెడితే అంకె కనబడదు. అందుకని తమ్ముణ్ణి వట్టిగా ఒకసారి, ఆంప్ ఎత్తుకుని ఒకసారి నిలబెట్టాను. వాడి మొహం కందగడ్డలా అయింది. తీసివేస్తే ముప్పై ఆరు కిలోల ఎనిమిది వందలు.

షాపాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. అనుమానం పెనుభూతం అని మావారు నా చెవిలో గొణిగారు. గొణగనీ.

జూన్ 21

సోల్డర్ ఆంప్ పంపించాడు. ఎప్పటిలా హాల్లో పెట్టించాను. నేను కుర్చీలో, ఆంప్ ఎడమవైపు, కాస్త వెనగ్గా. నేర్చుకున్న రోజునుంచీ అదే చోటు. పై తీగ మీటాను.

దుప్పటి.

జూన్ 21, ఓ గంట తర్వాత

ఎర్రచుక్కలన్నీ ఉన్నాయి. తమ్ముణ్ణి పిలిపించి మళ్ళీ తూచాను. ముప్పై ఆరు కిలోల నాలుగు వందలు.

నాలుగు వందల గ్రాములు తగ్గింది! తమ్ముడు భోంచేసి వచ్చాడేమో అని మావారు అడ్డు తగిలారు. వట్టిగా తూచాకే కదా ఎత్తించాను, లెక్కలో వాడి భోజనం ఎందుకు వస్తుంది? రెండు వైర్లు, నాలుగు కెపాసిటర్లు మారిస్తే అంత తేడా రాదు. ట్రాన్స్‌ఫార్మర్ మార్చేశాడు.

ముప్పై ఏళ్ళు. నా పెళ్ళిలో స్పీకర్లు పెట్టిన చేతులు.

జూన్ 22

సోల్డర్ షాపుకి వెళ్ళి అడిగేశాను. అందరి ముందూ అడిగాను. ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ దాచావు, ఎవరికి అమ్మావు అన్నాను. నా పాత ఆంప్‌లోంచి కూడా ఏం పీకేశావో చెప్పమన్నాను. దొంగ అనే మాట కూడా నా నోటినుంచి వచ్చింది.

అతను పొగలు కక్కుతున్న సోల్డరింగ్ ఐరన్ అలాగే పట్టుకుని నిలబడ్డాడు. తప్పు చేయనివాడైతే తిరగబడడా?  

జూన్ 24

సోల్డర్ వచ్చాడు. నా వైపు చూడలేదు. మావారిని బరువు మెషిన్ అడిగాడు. చేతిలో ఉన్న గుడ్డమూట దాని మీద పెట్టాడు.

0.4.

మూట విప్పాడు. ఒక పాత స్టీల్ బార్, వేళ్ళకి తొడుక్కునే పిక్స్ ఉన్న చిన్న రేకు డబ్బా. ఆ ముసలాయన పెట్టుకుని మర్చిపోయి ఉంటాడు, స్పీకర్ కింద సందులో ఇరుక్కుని ఉన్నాయట. బార్ తుప్పు పట్టి ఉంటే నునుపు చేసి ఇద్దామని ఉంచాడట. ఇదంతా మావారికే చెప్పాడు. మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు.

బార్‌లో నా మొహం కనిపిస్తోంది. అంత నునుపుగా చేశాడు.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ వ్యవహారం అన్నారు మావారు. ఈయనతో ఇంక మాట్లాడను.

జూన్ 25

మరి దుప్పటి ఎక్కణ్ణుంచి వచ్చింది? సోల్డర్ కాకపోతే షాపాయన. అదేదో గది మహిమ, లేకపోతే మోసం. తేల్చేదాకా నిద్ర పట్టదు.

జూన్ 27, ఉదయం 11

ఆ వెనక గదిని మా హాల్లో కట్టాను. పోలీసులు నేరం జరిగిన చోట మళ్ళీ చేయించి చూస్తారు కదా, అలా. ఫ్రేముల బీరువా ఉన్నచోట మా బట్టల బీరువా. గోడ ఉన్నచోట గోడ. కుర్చీ అటు తిప్పి. ఆంప్ నాకు కుడివైపు వచ్చింది.

మీటాను. గంట.

బీరువా మహిమ అనుకున్నాను. బీరువా పక్కకి లాగేశాం. గంట. కుర్చీ మామూలుగా తిప్పుకున్నాను. దుప్పటి. మళ్ళీ అటు తిప్పాను. గంట.

అప్పుడు కుడి చెవి అరచేత్తో గట్టిగా మూసుకుని మీటాను.

కింది తీగలు వినిపించాయి. పై తీగ లేదు. నా వేళ్ళ కింద తీగ వణుకుతోంది. శబ్దం లేదు.

ముప్పై ఏళ్ళు ఆంప్ ఎడమవైపే పెట్టుకున్నాను.

జూన్ 27, మధ్యాహ్నం

షాపులో ఆ పెద్దమనిషి మాట: కింది వరస సరిగ్గా అచ్చుపడలేదు.

జూన్ 28

చెవి డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించింది. ఎడమ చెవిలో పై స్వరాలు పోయాయట, తిరిగి రావట. కుడిది బాగుందట, కాపాడుకోమంది. భయమేసింది. చాలా భయమేసింది. ఆటోలో మావారి చెయ్యి వదల్లేదు.

జూన్ 30

హోటల్లో ఆంప్ కుడివైపు, ట్రెబుల్ నాలుగు మీద. తమ్ముడు తనంతట తనే రెండడుగులు దగ్గరికి జరిగి పాడాడు. నెలల తరబడి వాడి చెవుల్లో సూదులు గుచ్చింది నేనే. ఏమీ అనలేక దూరం జరిగాడు, వెర్రివెధవ.

ఆ కీబోర్డ్ అతను మేనేజరు అల్లుడట. ఊరికే తినడానికి వస్తాడట.

సోల్డర్ ఫోన్ ఎత్తడం లేదు.

జులై 2

ఈరోజూ ఎత్తలేదు. పాత బార్‌తోనే వాయిస్తున్నాను, సోల్డర్ నునుపు చేసినదానితో. నోరు జారితే తీసుకోలేం. నేను అన్నది అందరూ విన్నారు కాబట్టి, క్షమించమని కూడా అందరి ముందే అడగాలి.

జులై 4

అడిగాను. షాపు నిండా జనం ఉండగా, చెవి సంగతితో సహా మొత్తం చెప్పి అడిగాను. సోల్డర్ ఐరన్ పక్కన పెట్టి వచ్చి, నా ఎడమవైపు స్టూలు మీద కూర్చుని, నేల చూస్తూ, మెల్లగా ఏదో అన్నాడు.

వినపడలేదు. అయినా నమ్మాను.