మేడంగారికి చూపించిన నీటికుక్క

కాట్రేనికోన, మంగళవారం రాత్రి

పెరట్లో మావయ్య మనుషులు వల, గంప సర్దుకుంటున్నారు. నేను లేచి వెళ్లి వద్దని ఒక్క మాటంటే ఆగిపోతారు. అనకుండా ఇది రాస్తున్నాను.

జర్మనీ నుంచి మా క్లాసంతా ఈ మడ అడవికి ఫీల్డ్ ట్రిప్పు వచ్చినా చేపలు పట్టి తినే నీటికుక్క ఒక్కటీ కనపడలేదు. నిన్న మావయ్య ఇంట్లో భోంచేస్తూ ప్రొఫెసర్ మేడమ్ ఆ మాటంటే, నోరు మూసుకోకుండా నేనే తెలుగులో చెప్పాను. అతిథికి ఫలానాది కావాలని తెలిశాక మావయ్య ఊరుకుంటాడా?

పొద్దున్న మేడమూ నేనూ టిఫినుకి వచ్చేసరికి వాకిట్లో కొబ్బరిచెట్టుకి నీటికుక్క కట్టేసి ఉంది. పారిపోకుండా వెనక కాళ్లు విరిచేశారు. పాలిచ్చే తల్లి.

"అంత దూరం నించి వచ్చేరు, ఊరికే పంపుతామా అండీ? ఫొటో తీసుకోండి," అంటూ మావయ్య దాని మెడ పట్టి మొహం కెమెరా వైపు తిప్పాడు. అత్తయ్య పెసరట్ల పళ్లెంతో నవ్వుతూ నిలబడింది.

మేడమ్ నావైపు తిరిగి, "ఇతన్ని జైల్లో పెట్టించాలి, ఉన్నదున్నట్టు చెప్పు," అంది ఇంగ్లీషులో.

"ఏవంటున్నారమ్మా మేడంగారు?"

ఆ సంబరం చూసి, "చాలా సంతోషమంటున్నారు మావయ్యా," అన్నాను.

మేడమ్ తాడు విప్పేలోపే అది చచ్చిపోయింది.

"అయ్యో, పోయిందే! బెంగెట్టుకోవద్దని చెప్పమ్మా. చెరువుగట్టు బొరియలో దీని పిల్లలున్నాయి. రేపటికి పట్టించేస్తాను."

ఏమన్నాడని మేడమ్ అడిగింది.

క్షమించమంటున్నాడని చెప్పాను.