ఎదురు బల్ల మీది గుర్తులు

జూన్ 4, బుధవారం

కంప్యూటర్‌కి తెలుగు నేర్పే ఆఫీసు మాది. వాక్యంలో ప్రతి మాట కిందా గుర్తు పెట్టాలి: ఇది నామవాచకం, ఇది విశేషణం, ఇది క్రియావిశేషణం. ఒకే కాగితాన్ని ఇద్దరు విడివిడిగా చేస్తారు. జంటలోని ఇద్దరూ మాట్లాడుకోకూడదు, కూడబలుక్కుంటారని భయం. మధ్యలో అట్ట అడ్డం. నా జంట ఎదురు బల్ల ఆయన. అట్ట పైనుంచి ఆయన జుట్టు మాత్రమే కనిపిస్తుంది.

ఆ జుట్టంటే నాకు ఇష్టం. రాసేశాను, ఇక ఎవరేం చేస్తారు.

జూన్ 9, సోమవారం

సూపర్‌వైజరమ్మ పిలిచి చీవాట్లు పెట్టింది. "మెల్లగా నడిచింది"లో పేచీ లేదు. మెల్లగా అన్నది నడకని చెబుతుంది, క్రియావిశేషణం. "పిల్ల పొడుగ్గా ఉంది" దగ్గరే తంటా. ఉండటంలో పనేముంది నా మొహం? పొడుగు పిల్లది, కాబట్టి విశేషణమని నేను. చివర 'గా' ఉంటే క్రియావిశేషణమేనని ఆయన. ప్రతి కాగితంలోనూ ఇదే గొడవట. ఎవరికి వాళ్ళే ఆలోచించుకోవాలట. శుక్రవారానికి గుర్తులు కలవకపోతే జంట విడగొట్టి నన్ను పై అంతస్తుకి పంపేస్తుందట.

పై అంతస్తులో ఆ జుట్టు ఉండదు.

జూన్ 10, మధ్యాహ్నం

బల్ల మీదే కునుకు పట్టింది. కలలో మాటలన్నీ నీళ్ళ మీద తేలుతున్నాయి. తెల్లని, ఎత్తైన, పాత... ఇవి పడవల్నీ గుమ్మాల్నీ పట్టుకుని వేలాడుతున్నాయి. త్వరగా, నెమ్మదిగా... ఇవి ఈదేవాళ్ళ వెంట పోతున్నాయి. నేను దేన్నీ పట్టుకోలేదు. ఎటు పోతున్నానో కూడా చూసుకోలేదు. లేచేసరికి చెంప మీద ఇంకు మరక. అట్ట అవతల ఎవరో నవ్వు ఆపుకుంటున్నారు.

జూన్ 11

ఒక జుట్టు కోసం వ్యాకరణం మార్చుకుంటావటే అని అక్క ఫోన్‌లో పడీ పడీ నవ్వింది.

జూన్ 12, గురువారం

మార్చేసుకున్నాను. పొడుగ్గా ఉంది, చల్లగా ఉంది, ఇల్లు ఖాళీగా ఉంది: అన్నిటి కిందా క్రియావిశేషణం. ఆయన పెట్టేది అదే కదా. చెయ్యి మొరాయించింది, అయినా మనసు చంపుకుని పెట్టాను. రేపు కలవకపోతే ఏం చెయ్యాలో తోచడం లేదు. బెంగగా ఉంది.

జూన్ 13, శుక్రవారం

సూపర్‌వైజరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పరిచింది. పేచీ ఉన్నచోట ఒక్కటీ కలవలేదు. నేను క్రియావిశేషణమన్న ప్రతిచోటా ఆయన విశేషణమన్నారు. నా కాగితం నిండా ఆయన పాత గుర్తులు, ఆయన కాగితం నిండా నా పాత గుర్తులు. ఆవిడ కళ్ళజోడు తీసి మమ్మల్ని మార్చి మార్చి చూసింది. మీకేమైనా పిచ్చి పట్టిందా అని అడిగింది. సోమవారం నుంచి నాకు పై అంతస్తు ఖాయం.

ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి. మెట్ల దగ్గర ఆగాను. ఆయనా ఆగారు. ఆయన మాట వినడం ఇదే మొదలు.

"మీరు వెళ్ళిపోతారేమోనని మార్చానండి."

నేనూ అందుకేనని చెప్పాలనుకున్నాను. తల మాత్రం ఊపాను, చాలాసేపు.

జూన్ 16, సోమవారం

పై అంతస్తు. ఆఫీసు లెక్కలో మేం ఇక జంట కాదు. కాబట్టి మాట్లాడుకోవచ్చు. టీ వేళకి ఆయన పైకి వచ్చారు. ఏం మాట్లాడుకున్నామో ఒక్క ముక్కా గుర్తు లేదు.